జానెట్ జాక్సన్ 2004 తర్వాతి ఆల్బమ్‌లు: బాగోలేవా, లేక ఎవరూ సరిగ్గా వినలేదా?

గుంటూరు_గిటార్:

మైకేల్ జాక్సన్ గురించి ఇక్కడ బోలెడు చర్చలున్నాయి. చెల్లెలి గురించి వెతికితే మాత్రం ‘కంట్రోల్’ (1986), ‘రిథమ్ నేషన్ 1814’ (1989) దగ్గరే మాట ఆగిపోతోంది, మహా అయితే ‘ది వెల్వెట్ రోప్’ (1997) దాకా వస్తారు. ఆ తర్వాత ఆవిడ ఇంకో ఐదు ఆల్బమ్‌లు చేసిందన్న సంగతే ఎవరికీ పట్టినట్టు లేదు.

ఈ మధ్య ‘డమిటా జో’ (2004) మొదటి నుంచి చివరి దాకా విన్నాను. దాని గురించి ఎక్కడ చదివినా ఒకటే పాట: సూపర్ బౌల్ (అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్) షోలో గొడవ, పడిపోయిన అమ్మకాలు, అక్కడితో కెరీర్ ఖతం. లోపల పాటలెలా ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు. విన్నాక నాకైతే ఒళ్లు మండింది, ఎందుకంటే ఇందులో ఆరేడు పాటలు ఏ పెద్ద సింగర్ ఆల్బమ్‌లో ఉన్నా అందరూ నెత్తిన పెట్టుకునేవాళ్లు.

అలాగని ఆవిడకి అన్యాయం జరిగిందన్న జాలితోనే నాకు పాటలు నచ్చుతున్నాయేమో అన్న అనుమానం కూడా ఉంది. మీలో ఎవరైనా ‘డమిటా జో’, ‘20 వై.ఓ.’ (2006), ‘డిసిప్లిన్’ (2008), ‘అన్‌బ్రేకబుల్’ (2015) సీరియస్‌గా విన్నారా? ఏది నిజంగా సరుకున్న ఆల్బమ్, ఏది పోతే పోయిందిలే అనుకోవచ్చు? అలాగే ‘కంట్రోల్’కి ముందు వచ్చిన రెండు ఆల్బమ్‌లు అసలు వినాలా వద్దా?

దయచేసి ‘మైకేల్ ముందు ఎవరూ నిలవరు బ్రో’ టైపు కామెంట్లు వద్దు.


పాత_క్యాసెట్లు:

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. ‘డమిటా జో’ నాకు బాగా ఇష్టమైన ఆల్బమ్, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికుంటే చదువు.

ముందు తేదీలు చూడు. సూపర్ బౌల్ షో 2004 ఫిబ్రవరి 1న, హ్యూస్టన్‌లో. తోడు పాడుతున్న గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ చెయ్యి వేసి ఆవిడ డ్రెస్ ముక్క లాగడం, అర సెకను పైచిలుకు రొమ్ము కనబడటం, అమెరికా అంతా గగ్గోలు. ఆల్బమ్ వచ్చింది మార్చి నెలాఖరున. అంటే పాటల పని చాలావరకు ఆ గొడవకి ముందే అయిపోయింది. కానీ రివ్యూలు రాసినవాళ్లలో చాలామంది, ఆ గొడవని సొమ్ము చేసుకోవడానికే ఇలాంటి పాటలు పెట్టిందన్నట్టు చదివారు. ఇదే మనిషి 1993లో ‘జానెట్’ ఆల్బమ్‌లో ఇంతే బాహాటంగా శృంగారం గురించి పాడితే ధైర్యం అన్నారు. పదకొండేళ్ల తర్వాత అదే పని చేస్తే సిగ్గులేనితనం అయిపోయింది.

ఇక ఛార్టుల సంగతి. మొదటి వారం 3 లక్షల 80 వేల కాపీల దాకా అమ్ముడై రెండో స్థానంలో మొదలైంది. దీన్ని ఫ్లాప్ అని ఎందుకన్నారంటే ముందటి ఆల్బమ్ ‘ఆల్ ఫర్ యూ’ (2001) మొదటి వారమే 6 లక్షలు దాటింది కాబట్టి. ఇంకో తమాషా ఏంటంటే ఆ వారం ఈవిడని ఒకటో స్థానానికి రానివ్వనిది అషర్ అనే గాయకుడి ఆల్బమ్ ‘కన్ఫెషన్స్’. అందులో కొన్ని పాటలు ఎవరివనుకున్నావ్? జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్‌లవి, అంటే ‘కంట్రోల్’ నాటి నుంచి జానెట్ పక్కనే ఉన్న జంట. ఇంకొన్ని జెర్మెయిన్ డుప్రీవి, అప్పట్లో ఆవిడ ప్రియుడు. సొంత మనుషులు వండిన వంటే పక్కింట్లో పెళ్లి భోజనం అయింది.

పాటల్లోకి వద్దాం. ‘ఐ వాంట్ యూ’ రాసినవాళ్లలో కాన్యే వెస్ట్, జాన్ లెజెండ్ ఉన్నారు. కాన్యే మొదటి ఆల్బమ్ అప్పటికి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, జాన్ లెజెండ్‌ది ఇంకా రానేలేదు. బర్ట్ బాకరాక్ ట్యూన్ ‘క్లోజ్ టు యూ’ని బి.టి. ఎక్స్‌ప్రెస్ అనే ఫంక్ బ్యాండ్ పాడిన వెర్షన్ ఉంది, అందులోంచి ముక్క తీసుకుని కట్టిన పాట ఇది. 70ల నాటి సోల్ పాటలా మొదలవుతుంది, ఆవిడ గొంతు మామూలుగా గుసగుసలాడుతుందే, ఇక్కడ మాత్రం కాస్త ఎత్తి, బతిమాలుతున్నట్టు పాడుతుంది. ‘జానెట్‌కి గొంతు లేదు’ అనేవాళ్లకి నేను ముందు వినిపించేది ఈ పాటే.

‘ఆల్ నైట్’ సంగతి వేరు. హెర్బీ హాన్‌కాక్ 1975 నాటి ‘హ్యాంగ్ అప్ యువర్ హ్యాంగ్ అప్స్’ నుంచి తీసిన గిటార్, బేస్ ముక్క పాట పొడుగునా తిరుగుతూనే ఉంటుంది, దాని మీద స్వీడన్ ప్రొడ్యూసర్లు బ్యాగ్, ఆర్న్‌థోర్ వేసిన దెబ్బలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ ఎక్కడ ఆగుతుందో ఒక్కసారి గమనించు. ప్రతి చుట్టు చివర ఒక చిన్న ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తాళంలో భాగమే. డ్యాన్స్ తెలిసిన మనిషి పాడితేనే అలా కుదురుతుంది. నిజానికి ఆవిడ గొంతుని పెద్ద గాయనిలా కాక, ఒక వాయిద్యంలా వింటే సగం ఫిర్యాదులు అక్కడే పోతాయి.

‘ఆర్ అండ్ బి జంకీ’ ఇంకోటి. ఎవెలిన్ ‘షాంపేన్’ కింగ్ 1981 పాట ‘ఐయామ్ ఇన్ లవ్’ మీద కట్టింది. ఈ మధ్య పదేళ్లలో వచ్చిన సగం పాప్ ఇలా 80ల డిస్కో వైపు చూసినవే కదా, ఆవిడ 2004లోనే చూసింది. ‘జస్ట్ ఎ లిటిల్ వైల్’ అయితే గిటార్ పాప్, డాలస్ ఆస్టిన్ చేసింది. మొదటి సింగిల్ (ఆల్బమ్‌లోంచి విడిగా వదిలే పాట) అదే, పాపం సరిగ్గా ఆ గొడవ వేడి మీద రేడియోకి వెళ్లింది.

ఆ ఆల్బమ్ పేరు కూడా ఊరికే పెట్టలేదు, డమిటా జో అన్నది ఆవిడ అసలు పేరులోని మధ్య భాగం. ఆవిడలోని వేరువేరు మనుషుల్ని చూపిస్తానని చెప్పి చేసింది. చేసిందో లేదో మీరే విని చెప్పండి.


కీబోర్డ్_కిరికిరి:

అన్నా, మీ అభిమానం అర్థమైంది గానీ కొంచెం ఎక్కువైంది. ‘డమిటా జో’లో 22 ట్రాకులు ఉన్నాయి. గంటకు పైన. మధ్య మధ్యలో ఐలాండ్లు, సూర్యాస్తమయాలు, ప్రేమ అంటూ మాట్లాడే ఇంటర్‌లూడ్‌లు. ‘మాయిస్ట్’, ‘వామ్త్’ లాంటివి వరసగా వింటుంటే ఒకే పాట రెండుసార్లు పెట్టారేమో అనిపిస్తుంది. ఇంట్లో స్పీకర్‌లో పెట్టలేం, అది వేరే సంగతి, మా అమ్మకి ఇంగ్లిష్ బాగానే వస్తుంది.

సూపర్ బౌల్ అన్యాయమే, కాదనను. కానీ ఆల్బమ్‌లో ఉన్న లోపాలన్నీ దాని ఖాతాలో వేసేస్తే ఎలా? ‘వెల్వెట్ రోప్’ కూడా పొడుగే, అందులోనూ ఇంటర్‌లూడ్‌లు ఉన్నాయి, కానీ దానికి ఒక బాధ ఉంది. డిప్రెషన్, ఇంట్లో కొట్టే మగాడు, ఎయిడ్స్‌తో పోయిన స్నేహితులు, ఇవన్నీ డ్యాన్స్ పాటల్లోనే పెట్టింది. ‘టుగెదర్ అగైన్’ చావు మీద పాట అని తెలియకుండానే లోకమంతా డ్యాన్స్ చేసింది. ‘డమిటా జో’లో అలాంటి బరువు ఎక్కడుంది? అంతా సుఖమే. సుఖం తప్పు కాదు, 22 ట్రాకుల సుఖం విసుగు.

పది పాటలకి కత్తిరించి ఉంటే మీతో నేనూ ఒప్పుకునేవాడిని.


పాత_క్యాసెట్లు:

కత్తిరించాలి అన్నదానికి నేనూ సై. పదమూడు ఉంచుతాను, పది కాదు. కానీ బరువు ఉంటేనే గొప్ప అన్న లెక్క నాకు నచ్చదు. మగ సింగర్లు ఆల్బమ్ మొత్తం మంచం మీదే పాడితే ఎవరూ బరువు అడగరు.


డ్రమ్మర్_బెజవాడ:

గుంటూరు తమ్ముడు అడిగిన మొదటి రెండు ఆల్బమ్‌ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను దిగుతున్నా.

‘జానెట్ జాక్సన్’ (1982) వచ్చేటప్పటికి ఆ అమ్మాయికి పదహారేళ్లు. అప్పటికే టీవీలో ‘గుడ్ టైమ్స్’లో పెన్నీగా దేశమంతా తెలుసు. పాడాలని తనకి పెద్ద కోరికేం లేదు, తండ్రి జోసెఫ్ నిర్ణయం. అది ఆల్బమ్‌లో కనబడుతుంది కూడా, ఎవరో కుట్టిన గౌను వేసుకున్నట్టు ఉంటుంది. కానీ కుట్టినవాళ్లు సామాన్యులు కాదు. ఒకపక్క రెనే మూర్, ఆంజెలా విన్‌బుష్, ఇంకోపక్క ఫోస్టర్ సిల్వర్స్. ‘సే యూ డూ’ వింటే అన్నయ్య ‘ఆఫ్ ది వాల్’ నాటి డిస్కో వాసన కొడుతుంది. ‘యంగ్ లవ్’ చక్కటి పాట. అంతకుమించి లేదు. బిల్‌బోర్డ్‌ (అమెరికా ఛార్టు)లో 63వ స్థానం దాకా వెళ్లింది.

‘డ్రీమ్ స్ట్రీట్’ (1984) ఇంకా ఘోరం, 147 దగ్గరే ఆగిపోయింది. అందులో ఎవరెవరున్నారో చూస్తే నవ్వొస్తుంది. డోనా సమ్మర్‌తో పనిచేసిన జార్జియో మొరోడర్, పీట్ బెల్లోట్ కొన్ని పాటలు. ఇంగ్లండ్ నుంచి క్లిఫ్ రిచర్డ్ వచ్చి ఒక యుగళగీతం. అన్న మార్లన్ ఒక పాట ప్రొడ్యూస్ చేశాడు, ‘డోంట్ స్టాండ్ అనదర్ ఛాన్స్’, వెనక కోరస్‌లో మైకేల్ గొంతు ఉంటుంది. అందరూ ఉన్నారు, ఒక్క జానెట్ తప్ప.

అయితే నేను ఈ ఆల్బమ్ వినమని చెప్పేది వేరే కారణానికి. ‘ప్రెటీ బాయ్’, ‘ఫాస్ట్ గర్ల్స్’ అని రెండు పాటలున్నాయి, ప్రొడ్యూసర్ జెస్సీ జాన్సన్. ఆయన ‘ది టైమ్’ బ్యాండ్ గిటారిస్ట్, గాయకుడు ప్రిన్స్ తయారు చేసిన మినియాపొలిస్ బ్యాండ్ అది. అదే బ్యాండ్‌లో కీబోర్డ్ జిమ్మీ జామ్, బేస్ టెర్రీ లూయిస్. 1983లో వీళ్లిద్దరూ ఎస్.ఓ.ఎస్. బ్యాండ్ రికార్డింగ్ కోసం అట్లాంటా వెళ్లి, మంచు కురిసి ఫ్లైట్ దొరక్క ఒక షో తప్పిపోతే ప్రిన్స్ తీసేశాడు. తీసేసిన ఆ ఇద్దరే రెండేళ్ల తర్వాత ‘కంట్రోల్’ చేశారు. అంటే జానెట్ జీవితం మార్చిన ఆ చప్పుడు, ఆ గట్టి డ్రమ్ మెషిన్, ముక్కలు ముక్కలుగా కొట్టే సింథ్, ‘డ్రీమ్ స్ట్రీట్’ మీద అప్పటికే రెండు పాటల్లో తలుపు తట్టింది. అయితే ఆ మాటలు తనవి కావు, అందుకే అంటలేదు. డ్రమ్మర్‌గా నాకు ‘ఫాస్ట్ గర్ల్స్’, ఆ తర్వాత వెంటనే ‘నాస్టీ’ విని చూడటం మహా సరదా. వాయించే పద్ధతి దాదాపు ఒకటే, పాడే మనిషి మాత్రం వేరే.

మధ్యలో జరిగింది అందరికీ తెలిసిందే. 1984లో జేమ్స్ డిబార్జ్‌తో లేచిపోయి పెళ్లి చేసుకుంది, మరుసటి ఏడు అది రద్దయింది, తండ్రిని మేనేజర్‌గా వద్దంది. జామ్, లూయిస్ పెట్టిన షరతు ఏంటంటే లాస్ ఏంజెలెస్‌లో కాదు, మినియాపొలిస్ రావాలి, ఇంట్లోవాళ్లు వెంట రాకూడదు. స్టూడియోకి వచ్చిన అమ్మాయితో ముందు కొన్నాళ్లు ఊరికే కబుర్లు చెప్పి, ఆ కబుర్లే పాటలు చేశారు. మన దగ్గర వారసులకి కుటుంబమే లాంచింగ్ ఇస్తుంది, ఇక్కడ కుటుంబాన్ని గేటు బయట పెట్టాకే పిల్ల లాంచ్ అయింది.

కాబట్టి తమ్ముడూ, 1982ది ఒకసారి విను చాలు. 1984లో ఆ మూడు పాటలు విను. మిగతావి వినకపోయినా కొంపలేం మునగవు.


గుంటూరు_గిటార్:

జెస్సీ జాన్సన్ సంగతి అస్సలు తెలియదు, థాంక్స్ అన్నా. ‘ఫాస్ట్ గర్ల్స్’ ఇప్పుడే విన్నాను, నిజమే, ‘కంట్రోల్’ స్టూడియో పక్క గదిలో రికార్డ్ చేసినట్టుంది.

కానీ నా అసలు డౌట్ అలాగే ఉంది. ‘20 వై.ఓ.’, ‘డిసిప్లిన్’ సంగతేంటి?


ఎడిసన్_మామ:

న్యూజెర్సీ నుంచి. 2004లో నేనిక్కడే ఉన్నాను, కాబట్టి అప్పటి గాలి ఎలా ఉండేదో చెబుతాను, ఎందుకంటే అది తెలియకపోతే ఆ రెండు ఆల్బమ్‌లు ఎందుకలా ఉన్నాయో అర్థం కాదు.

ఆ ఒక్క షో మీద టీవీ, రేడియో ప్రసారాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.సి.సి.కి 5 లక్షలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. టీవీ చానెల్ సి.బి.ఎస్. మీద 5,50,000 డాలర్ల జరిమానా వేశారు. అది కోర్టుల్లో నలిగి నలిగి, చివరికి 2011లో అప్పీల్ కోర్టు మళ్లీ కొట్టేసింది, 2012లో సుప్రీం కోర్టు జోక్యం చేసుకోనంది. షో తయారు చేసింది ఎం.టీవీ, చూపించింది సి.బి.ఎస్., అప్పట్లో రెండూ వయాకామ్ కిందవే. ఆ సంస్థ చానెళ్లలో, రేడియోల్లో ఆవిడ పాటలు తొక్కేశారన్న ఆరోపణ అప్పటి నుంచీ ఉంది. సరిగ్గా వారానికి జరిగిన గ్రామీ వేడుకకి టింబర్‌లేక్ వచ్చి, సారీ చెప్పి, అవార్డులు పట్టుకెళ్లాడు. ఆవిడ కుర్చీ ఖాళీ. అతను ఆవిడకి బాహాటంగా క్షమాపణ రాసింది 2021లో, పదిహేడేళ్లకి.

ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర మన తెలుగు కుర్రాళ్లు కూడా ఆ క్లిప్ కోసమే వెతికేవాళ్లు, పాట సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పటికి యూట్యూబ్ లేదు మరి. దాన్ని పెట్టినవాళ్లలో ఒకరైన జావెద్ కరీం, ఈ క్లిప్ ఆన్‌లైన్‌లో సులువుగా దొరక్కపోవడం కూడా ఆ ఆలోచనకి ఒక కారణమని తర్వాత చెప్పాడు.

ఇప్పుడు ‘20 వై.ఓ.’ విను. ‘కంట్రోల్’ వచ్చి ఇరవయ్యేళ్లయిందని ఆ పేరు. ఇది భయపడుతూ చేసిన ఆల్బమ్ అని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. రేడియో మళ్లీ ఎత్తుకోవాలి, క్లబ్‌లో మళ్లీ పడాలి, కాబట్టి ఏ ఎండకా గొడుగు. మొదటి సగం డుప్రీ చేతివాటం, హెర్బీ హాన్‌కాక్ ‘రాకిట్’ ముక్కతో ‘సో ఎక్సైటెడ్’, నెల్లీతో ‘కాల్ ఆన్ మి’. బాగున్నాయా అంటే బాగున్నాయి, కానీ ఎవరు పాడినా అలాగే ఉండేవి. చివరి వైపు వెళ్తే ‘డేబ్రేక్’, ‘ఎంజాయ్’, ‘టేక్ కేర్’ దగ్గర మాత్రం తన పాత నవ్వు వినబడుతుంది. ‘డేబ్రేక్’ని సింగిల్ చేసి ఉంటే కథ వేరేగా ఉండేదని నా నమ్మకం. రెండో స్థానంలో మొదలై తొందరగా జారిపోయింది.

‘డిసిప్లిన్’ నాకు దానికంటే ఎక్కువ ఇష్టం, ఇది చాలామంది ఒప్పుకోరు. కొత్త కంపెనీ ఐలాండ్, మొదటిసారి జామ్, లూయిస్ లేరు, ‘కంట్రోల్’ తర్వాత అలా ఎప్పుడూ జరగలేదు. రాడ్నీ జెర్కిన్స్ చేసిన ‘ఫీడ్‌బ్యాక్’ రోబో పాటలా ఉంటుంది, ఆ చల్లటి చప్పుడు ఆవిడకి భలే నప్పింది. ‘రాక్ విత్ యూ’ హౌస్ (క్లబ్ డ్యాన్స్ సంగీతం) బీట్ మీద, తేలిగ్గా, ఏ హడావిడీ లేకుండా నడుస్తుంది. ఆల్బమ్ ఒకటో స్థానంలో మొదలైంది కూడా. ఆ తర్వాత కంపెనీతో చెడింది, ఆ ఏడాదే విడిపోయారు. టూర్‌లో తలతిరిగే మైగ్రేన్ వచ్చి కొన్ని షోలు రద్దయ్యాయి. నంబర్ వన్ ఆల్బమ్‌ని అంత త్వరగా మర్చిపోయిన సందర్భాలు నాకు ఎక్కువ తెలియవు.


కీబోర్డ్_కిరికిరి:

మామా, ‘డిసిప్లిన్’ టైటిల్ పాట గురించి ఒక్క మాట కూడా రాయకుండా తప్పించుకున్నారు చూశారా 😄


ఎడిసన్_మామ:

మా పిల్లలు కూడా ఈ చర్చలు చదువుతారు, వదిలెయ్ నాయనా.


తార్నాక_ట్యూన్స్:

అందరూ ‘డమిటా జో’ గురించి కొట్టుకుంటున్నారు గానీ, నిజంగా ఎవరూ పట్టించుకోని మంచి ఆల్బమ్ ‘అన్‌బ్రేకబుల్’. 2015 అక్టోబర్. ఏడేళ్ల గ్యాప్ తర్వాత, తన సొంత లేబుల్ మీద, జామ్, లూయిస్ మళ్లీ పక్కన. ఒకటో స్థానంలోనే దిగింది, దాంతో 80లు, 90లు, 2000లు, 2010లు, నాలుగు దశకాల్లోనూ నంబర్ వన్ ఆల్బమ్ ఉన్న అతి కొద్దిమందిలో చేరింది. రివ్యూలు కూడా మంచివే. మరి ఎవరికైనా గుర్తుందా? లేదు. తిడితే కనీసం ఎవరో ఒకరు వెనకేసుకొస్తారు. మెచ్చుకుని మర్చిపోతే అడిగే దిక్కుండదు.

ఈ ఆల్బమ్‌లో నాకు నచ్చింది, యాభైకి దగ్గర పడిన మనిషి ఆ వయసుకే పాడటం. గుసగుసల పాటలు పూర్తిగా పోలేదు, జె. కోల్‌తో ‘నో స్లీప్’ ఉంది, అది వాన పడే రాత్రికి సరిపోయే పాట. కానీ ‘షుడా నోన్ బెటర్’ విను. ‘రిథమ్ నేషన్’ రోజుల్లో పాటలతో లోకాన్ని మార్చేద్దాం అనుకున్న అమ్మాయి, పాతికేళ్ల తర్వాత వెనక్కి చూసి, అప్పుడు నాకు అంత తేలికనిపించిందే అని తనని తానే ప్రశ్నించుకుంటుంది. తన గొప్ప ఆల్బమ్‌తో తానే వాదన పెట్టుకున్న పాప్ స్టార్లు ఎంతమంది ఉన్నారు? మామూలుగా అయితే దాన్నే రీమిక్స్ చేసి అమ్ముకుంటారు.

‘బ్రోకెన్ హార్ట్స్ హీల్’ మైకేల్ మీద పాట. 2009 జూన్‌లో ఆయన పోయారు, ఆ తర్వాత ఆవిడ చేసిన మొదటి ఆల్బమ్ ఇదే. అందరూ పియానో పెట్టి ఏడిపిస్తుందనుకుంటారు, కానీ అది ఊగుతూ నడిచే పాట, చిన్నప్పుడు అన్నాచెల్లెళ్లు ఇంటి పనులు చేసుకుంటూ పాడుకున్న రోజుల గురించి. అచ్చం ఆయన 1979 నాటి పాటల తాళంలోనే ఉంటుంది. ‘ది గ్రేట్ ఫరెవర్’ అయితే గొంతు కిందికి దించి పాడింది, మొదటిసారి విన్నప్పుడు మైకేలే పాడుతున్నాడేమో అని ఫోన్ తీసి పేరు చూశాను. ఇన్నాళ్లూ అన్నయ్య నీడ అనిపించుకోకూడదని జాగ్రత్తపడిన మనిషి, ఇక భయం లేదు కాబట్టి కావాలనే ఆ గొంతులోకి వెళ్లిందని నాకనిపిస్తుంది. ‘గాన్ బి ఆల్‌రైట్’ పాతకాలపు ఫంక్ గాయకుడు స్లై స్టోన్ బ్యాండ్‌కి దండం పెట్టినట్టుంటుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. రెండు భాగాలుగా చేశారు, రెండో భాగం మధ్యలో కాస్త సాగుతుంది. మిస్సీ ఎలియట్‌తో చేసిన ‘బర్న్ ఇట్ అప్’ పేరుకే మంట.

ఇంకో సంగతి, పాత టాపిక్కే గానీ ఇక్కడ సాఫ్ట్‌వేర్ జనం ఎక్కువ కాబట్టి చెబుతా. ‘రిథమ్ నేషన్’ వీడియో ప్లే చేస్తే ఒకప్పుడు కొన్ని లాప్‌టాప్‌లు క్రాష్ అయ్యేవట. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒకదాని సహజ కంపనానికి, ఆ పాటలోని ఒక ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరింది. పక్కనున్న లాప్‌టాప్‌లో పాట పెట్టినా ఇవతలది పడిపోయేదట. కంపెనీవాళ్లు ఆ ఫ్రీక్వెన్సీని కోసేసే ఆడియో ఫిల్టర్ పెట్టి నెట్టుకొచ్చారు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఒకాయన ఇది రాశాక, దీనికి అధికారికంగా సి.వి.ఈ. నంబర్ (కంప్యూటర్ భద్రతా లోపాలకి ఇచ్చేది) కూడా ఇచ్చారు. బేస్ అంటే అలా ఉండాలి.


డ్రమ్మర్_బెజవాడ:

ఆ సి.వి.ఈ. సంగతి చదివి మా టీమ్‌లో అందరికీ ఫార్వర్డ్ చేశా, ఇవాళ పని జరగదు.

‘అన్‌బ్రేకబుల్’ మీద తార్నాక చెప్పినదానితో ఏకీభవిస్తున్నా. ఒక్కటి కలుపుతా: ‘ఆఫ్టర్ యూ ఫాల్’లో దాదాపు పియానో, గొంతు తప్ప ఏం లేవు. డ్రమ్ములు లేని పాట నేను రికమెండ్ చేస్తున్నానంటే ఆలోచించండి.


సాయంత్రం_రేడియో:

ఇన్ని ఆల్బమ్‌లు వినే టైమ్ లేదండీ. ఉద్యోగం, పిల్లలు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా ఒక వరస చెప్పండి, ఆఫీస్ బస్సులో వింటాను. ఇంగ్లిష్ పాటలు నాకు అంత అలవాటు లేదు, మైకేల్‌వి మాత్రం తెలుసు.


పాత_క్యాసెట్లు:

మీకైతే ‘బ్రోకెన్ హార్ట్స్ హీల్’తో మొదలుపెట్టండి అమ్మా, మైకేల్ తెలుసు అన్నారు కాబట్టి చెవికి పరిచయంగా ఉంటుంది. ఆ తర్వాత ‘ఐ వాంట్ యూ’, ‘డేబ్రేక్’, ‘రాక్ విత్ యూ’. అప్పటికి నచ్చితే ‘ఆల్ నైట్’, అది నిలబడి వెళ్లేటప్పుడు వినకండి, కాలు ఆగదు, పక్కవాళ్లు చూస్తారు. ‘షుడా నోన్ బెటర్’ మాత్రం ముందు ‘రిథమ్ నేషన్’ ఒకసారి విన్నాకే వినండి, లేకపోతే సగమే అందుతుంది.

పిల్లలు పక్కనుంటే ‘డమిటా జో’ ఆల్బమ్‌ని వరసగా ప్లే అవ్వనివ్వకండి. కిరికిరి వాళ్లమ్మగారి సంగతి చదివారుగా.


గుంటూరు_గిటార్:

రెండు రోజులుగా ఇవే వింటున్నాను. నా జాలి డౌట్ తీరింది. ‘20 వై.ఓ.’ మొదటి సగం మీద ఎంత జాలి పడ్డా నచ్చట్లేదు, కాబట్టి మిగతావి నచ్చడానికి కారణం జాలి కాదు.

ఎడిసన్ మామతో ఒక్క దగ్గర పేచీ ఉంది: ‘ఫీడ్‌బ్యాక్’ అంత గొప్పగా లేదు, దానికంటే అదే ఆల్బమ్‌లో ‘లవ్’ అని ఇంకో పాట ఉంది, అది బెటర్. బెజవాడ అన్నా, ‘ఆఫ్టర్ యూ ఫాల్’ గిటార్ మీద ఎత్తుకుందామని కూర్చున్నా, మొదటి లైన్ దాటి కార్డ్స్ కుదరట్లేదు. మీకు తెలిసిన కీబోర్డ్ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. కిరికిరి గారూ, మిమ్మల్నే అడుగుతున్నా.


కీబోర్డ్_కిరికిరి:

ఆదివారం చూసి పెడతా. ఈలోగా కేపో తీసి ప్రయత్నించు.